గుక్కెడు నీళ్ల సన్నివేశం: పర్లాకిమిడిలో ‘పథేర్ పాంచాలి’ మూడు ప్రదర్శనల కేస్ స్టడీ

కుటుంబ కథను పాత్రల వెంట నిదానంగా నడిపించే చిన్న సినిమాల మీద మన తెలుగు సమీక్షల్లో ‘కథనం నెమ్మదిగా ఉంది’ అన్న మాట దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. పత్రికలకు సమీక్షలు రాస్తూ, ఊళ్లో చిన్న చిన్న ప్రదర్శనలు నడుపుతూ వచ్చిన నేను కూడా ఆ మాటను ఎన్నోసార్లు రాశాను. ‘సెకండాఫ్‌లో ల్యాగ్’ అనీ, ‘సాగదీత’ అనీ, ‘నిడివి తగ్గించి ఉంటే బాగుండేది’ అనీ రకరకాలుగా రాశాను. ఒకే సినిమాను పర్లాకిమిడిలో మూడు సార్లు మూడు పద్ధతుల్లో ప్రదర్శించి, చూసినవాళ్ల మాటలను నోటు పుస్తకంలో ఎక్కించుకున్న తర్వాత, ఆ మాట నా ఓపిక ఎంతసేపు నిలిచిందో చెబుతున్నదే తప్ప ఆ సమయంలో తెర మీద ఎవరు ఏం చేస్తున్నారో చెప్పడం లేదని నాకు తెలిసివచ్చింది. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం అదే.

పర్లాకిమిడి ఒడిశాలోని గజపతి జిల్లాకు కేంద్రం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ ఊరు అటువైపు చేరింది. కాస్త దూరం వెళ్లి పాతపట్నం చేరితే ఆంధ్ర. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బజారులో ఒడియా మాట్లాడతారు, రెండింటి మధ్య ఎప్పుడు గీత దాటారో వాళ్లకే తెలియదు. పిల్లల్లో చాలామంది బడిలో ఒడియా చదువుకున్నవాళ్లు కాబట్టి తెలుగు ధారాళంగా మాట్లాడతారు కానీ తెలుగు అక్షరాలను కూడబలుక్కుని చదువుతారు. సినిమా ప్రదర్శనకు ఈ విషయం చాలా ముఖ్యం. తెర అడుగున తెలుగు వాక్యాలు వేస్తే మనవలకు అందవు, ఒడియా వాక్యాలు వేస్తే నాయనమ్మలకు అందవు, ఇంగ్లీషు వాక్యాలు వేస్తే ఇద్దరిలో ఎక్కువమందికి అందవు.

సత్యజిత్ రే తీసిన ‘పథేర్ పాంచాలి’ అనే ఈ బెంగాలీ చిత్రాన్ని ఎన్నుకోవడానికి మొదటి కారణం కూడా భాషే. ఒడియా తెలిసిన చెవికి బెంగాలీ పూర్తిగా పరాయిది కాదు. భాతొ అన్నా భాత్ అన్నా అన్నమే, మాఛొ అన్నా మాఛ్ అన్నా చేపే, గొఛొ అన్నా గాఛ్ అన్నా చెట్టే. ఒడియాతో కలిసి బతికే తెలుగువాడికి ఈ సినిమాలో సగం మాటలు దారి చూపిస్తాయని నా అంచనా. రెండో కారణం, నిశ్శబ్దంగా నడిచే కుటుంబ చిత్రాలను విమర్శకులు ఎలా స్వీకరిస్తారన్న ప్రశ్నకు ఇంత స్పష్టమైన చరిత్ర ఉన్న భారతీయ చిత్రం మరొకటి నాకు తెలియదు. ఆ చరిత్రను ముందుగా చెప్పాలి.

స్టూడియో పెట్టుబడి ఏదీ లేకుండా 1952 అక్టోబరులో చిత్రీకరణ మొదలైంది. మొదట తీసింది రెల్లు పూల మధ్య అక్కాతమ్ముళ్లు రైలు కోసం వెళ్లే ఘట్టం. కొద్దిరోజుల తర్వాత మిగిలిన భాగం తీయడానికి తిరిగి వెళ్తే ఆ పూలన్నీ పశువులు మేసేశాయి, మళ్లీ పూత కోసం ఏడాది ఆగవలసి వచ్చింది. కెమెరా పట్టిన సుబ్రతా మిత్రాకు అప్పటికి ఇరవై ఏళ్లు దాటి కొద్ది కాలమే, అంతకుముందు సినిమా కెమెరా నడిపిన అనుభవం లేదు. దర్శకుడు తన బీమా పాలసీ మీద అప్పు తెచ్చి, భార్య నగలు తాకట్టు పెట్టిన తర్వాత కూడా పని ఆగిపోతే, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. సినిమా పేరులో దారి అన్న మాట ఉన్నందున ఆ ఖర్చును రోడ్ల అభివృద్ధి పద్దులో రాసుకున్నారు. దాదాపు మూడేళ్లు ఇలా ఆగుతూ సాగుతూ నడిచిన చిత్రీకరణలో తమ్ముడు అపూగా వేసిన పిల్లవాడి గొంతు మారకపోవడం, అక్క దుర్గగా వేసిన అమ్మాయి పెద్దదై కనిపించకపోవడం, ఇంటి ముసలావిడగా వేసిన, ఎనభై ఏళ్లకు దగ్గరపడిన చునీబాలా దేవి అప్పటివరకు బతికి ఉండడం తన అదృష్టాలని రే తర్వాత చెప్పుకున్నాడు. చునీబాలా దేవి మాత్రం సినిమా విడుదలను చూడలేదు.

1955 మే నెలలో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియంలో తొలి ప్రదర్శన జరిగింది. దానికి ఉపశీర్షికలు లేవు. భాష ఒక్క ముక్క తెలియని ప్రేక్షకులు మొదటిసారి ఈ చిత్రాన్ని ముఖాలూ శబ్దాలూ ఆధారంగా చూశారన్న ఈ వివరాన్ని గుర్తుంచుకోమని పాఠకులను కోరుతున్నాను, ఎందుకంటే మా ప్రదర్శనల్లో ఇదే తర్వాత నాకు దారి చూపింది. ఆగస్టు 26న కలకత్తాలోని బసుశ్రీ సినిమా హాలులో విడుదలైనప్పుడు మొదటి రోజుల్లో జనం పలచగా ఉన్నారు. చూసినవాళ్లు చెప్పగా చెప్పగా వారం రెండు వారాల్లో హాలు నిండింది, తర్వాత మరో హాలుకు మారి అక్కడ ఏడు వారాలు ఆడింది. ఆ ఏడాదికి ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణ పతకం వచ్చింది.

1956లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో చాలామంది విమర్శకులు రాలేని వేళలో దీన్ని వేశారు. అప్పటికి విమర్శకుడు, తర్వాత దర్శకుడైన ఫ్రెంచివాడు ఫ్రాన్సువా త్రూఫో సినిమా మధ్యలో లేచి వెళ్లిపోయాడన్న మాట, చేతులతో అన్నం తినే పల్లెటూరివాళ్ల గురించిన సినిమా తనకు అక్కర్లేదని అన్నాడన్న మాట, సినిమా చరిత్ర రాసినవాళ్లు పదేపదే చెప్పారు. చూసిన కొందరు పట్టుబట్టి మళ్లీ వేయించిన తర్వాతే దానికి ‘ఉత్తమ మానవ పత్రం’ అన్న బహుమతి దక్కింది. 1958 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు బాస్లీ క్రౌథర్, ఇంత వదులైన నిర్మాణం, ఇంత నీరసమైన గమనం ఉన్న చిత్రం హాలీవుడ్ ఎడిటర్ల దగ్గర ముడి కూర్పుగా కూడా నిలవడం కష్టమన్న అభిప్రాయం రాశాడు. అదే సమీక్షలో మెచ్చుకున్న చోట్లూ ఉన్నాయి, వాటిని పక్కన పెట్టడం న్యాయం కాదు. ఆ సినిమా న్యూయార్క్‌లో ఒకే హాలులో ఎనిమిది నెలలు ఆడింది. 1980లో రాజ్యసభ సభ్యురాలైన హిందీ నటి నర్గీస్, రే మన పేదరికాన్ని విదేశాలకు ఎగుమతి చేస్తున్నాడని విమర్శించింది. 1992లో సైట్ అండ్ సౌండ్ అనే బ్రిటిష్ సినిమా పత్రిక విమర్శకుల ఓటింగులో ఈ చిత్రం ఆరో స్థానంలో నిలిచింది.

ఈ చరిత్రను సాధారణంగా తెలియనివాళ్లు తిట్టారు, తెలిసినవాళ్లు మెచ్చారు అన్నట్టు చెబుతారు. నా ఉద్దేశంలో అది సరిపోదు. క్రౌథర్ తెలియనివాడు కాదు, త్రూఫో అంతకంటే కాదు. వాళ్లిద్దరూ తమ కూర్చునే ఓపికను నిజాయితీగానే కొలుచుకున్నారు. సినిమాలోని తల్లి సర్వజయ ఎంతసేపు కూర్చుందో కొలవలేదు. నేను కూడా కొలవలేదని మా మొదటి ప్రదర్శనలో బయటపడింది.

మొదటి ప్రదర్శన

మొదటి ప్రదర్శన మా వీధి రామమందిరం పక్కన ఉన్న హాలులో, చలికాలం సాయంత్రం. పాతిక ముప్పై మంది వచ్చారు. సగానికి పైగా ఆడవాళ్లు, వాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. ఉపశీర్షికల చిక్కు పైన చెప్పాను కాబట్టి, మైకు పట్టుకుని సంభాషణలను అప్పటికప్పుడు తెలుగులో చెప్పే పని నేనే పెట్టుకున్నాను. అందుకోసం రెండు వారాలు సిద్ధపడి, ప్రతి సంభాషణకూ తెలుగు రాసుకుని, ఎక్కడా ఖాళీ పోకుండా చూసుకున్నాను. ఖాళీ పోకుండా చూసుకోవడమే అసలు తప్పు.

సినిమా చివరి భాగంలో ఇంటి యజమాని హరిహర్ నెలల తర్వాత పట్నం నుంచి తిరిగి వస్తాడు. గాలివానకు ఇల్లు కూలి ఉంటుంది. తెచ్చిన సామాను ఒక్కొక్కటే భార్యకు చూపిస్తూ, కూతురు దుర్గ కోసం తెచ్చిన చీర ఆమె చేతిలో పెడతాడు. దుర్గ అప్పటికే జ్వరంతో చనిపోయిందని అతనికి తెలియదు. సర్వజయ చీరను నోటికి అడ్డం పెట్టుకుని కుప్పకూలి ఏడుస్తుంది, కానీ ఆ ఏడుపు మనకు వినిపించదు. దాని స్థానంలో తార్ షెహనాయి అనే తీగల వాద్యం మీద తీవ్రమైన స్వరం మోగుతుంది. సరిగ్గా ఆ స్వరం మీద నేను మైకులో ‘దుర్గ చనిపోయిందని అతనికి ఇప్పుడు అర్థమైంది’ అని చెప్పాను.

సినిమా అయ్యాక ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. కోపంగా కాదు, నిజంగా బాధపడుతూ అడిగింది: “ఆ గుంట పోనాదని మాకు తెల్దేటి మాస్టారూ? తల్లి మొకం సూస్తే తెలవదా? మీరెందుకు సెప్పీసినారు?”

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి నా సంభాషణల ప్రతిని చూసుకుంటే, దాదాపు రెండు గంటల చిత్రంలో మాటలు లేని చోట్లన్నింటిలో నేను ఏదో ఒక వివరణ నింపి ఉంచాను. నిశ్శబ్దాన్ని ప్రేక్షకుడి మీద పడే భారంగా భావించి, దాన్ని మోసిపెడుతున్నానని అనుకున్నాను. ఆ భావన నా సమీక్షలోనూ ఉంది. ప్రదర్శనకు ముందు ఒక చిన్న పత్రిక కోసం రాసిపెట్టుకున్న ముసాయిదాలో, హరిహర్ ఊరు విడిచి వెళ్లిన తర్వాత నుంచి గాలివాన వరకు ఉన్న భాగం గురించి ‘ఇక్కడ కథనం నెమ్మదిస్తుంది, సంఘటనలు తక్కువ’ అని రాశాను.

ఆ ముసాయిదాను పక్కన పెట్టుకుని, ప్రదర్శన జరుగుతున్నప్పుడు మా తమ్ముడి కూతురు రాసిన గమనికలు చదివాను. ప్రేక్షకులు ఎప్పుడు మాట్లాడుకున్నారో, ఎప్పుడు లేచి తిరిగారో, ఎప్పుడు ఊరుకున్నారో రాయమని ఆమెకు చెప్పి ఉంచాను. నేను నెమ్మది అన్న భాగంలో హాలులో ఒక్కరూ కదలలేదు. హరిహర్ నుంచి ఉత్తరం రాదు, సర్వజయ ఇంట్లోని కంచాలు అమ్ముకుని రోజు గడుపుతుంది, పక్కింటివాళ్ల ముందు ఆ సంగతి దాచుకుంటుంది. చివరికి ఒక కార్డు వస్తుంది. గంజాం, గజపతి జిల్లాల్లో మగవాళ్లు పని కోసం సూరత్‌కో విశాఖపట్నానికో హైదరాబాదుకో వెళ్లిపోయిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ ముందు వరుసల్లో కూర్చున్న ఆడవాళ్లకు ఆ ఇరవై నిమిషాలు సంఘటనలు లేని భాగం కాదు. డబ్బు రాని నెలలో ఏ గిన్నె ముందు అమ్మాలి, ఏది చివరిదాకా ఉంచాలి అన్నది వాళ్లకు సంఘటనే.

రెండో ప్రదర్శన

ఆ తర్వాతి నెలలో రెండోసారి వేశాము. ఈసారి మైకు పూర్తిగా ఆపేశాను. మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు మాత్రం ఇంట్లో ఎవరెవరు ఉంటారో, ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పాను: పూజలు చేసుకుని బతికే హరిహర్, అతని భార్య సర్వజయ, కూతురు దుర్గ, కొడుకు అపూ, వాళ్ల మీద ఆధారపడి బతికే ముసలావిడ ఇందిర్ ఠాక్రూన్. కథ చెప్పలేదు. న్యూయార్క్‌లో తొలి ప్రేక్షకులకు ఉపశీర్షికలే లేవన్న ధైర్యంతో ఈ పని చేశాను. ఒడియా సాయం వల్ల మావాళ్లకు వాళ్లకంటే చాలా ఎక్కువ అందింది. అందనిచోట పక్కవాళ్లు చెవిలో చెప్పుకున్నారు. రెల్లు పూల ఘట్టం రాగానే ఒక అబ్బాయి ‘కాశతండి’ అన్నాడు, పక్కనున్న అతని నాయనమ్మ ‘రెల్లు’ అంది, ఇద్దరికీ దసరా గుర్తొచ్చిందని తర్వాత చెప్పారు.

ఈ ప్రదర్శన తర్వాత జరిగిన చర్చ ఈ కేసు మొత్తంలో నాకు అతి విలువైనది, అందుకే దీని మీద ఎక్కువసేపు నిలుస్తాను. చర్చ అంతా ఒకే సన్నివేశం చుట్టూ తిరిగింది. సర్వజయతో పడక ఇల్లు విడిచిన ఇందిర్ ఠాక్రూన్ ఒంట్లో బాగాలేక తిరిగి వస్తుంది, ఉండనివ్వమని అడుగుతుంది. సర్వజయ కరగదు. ముసలావిడ దాహం అంటే కూడా లేచి ఇవ్వదు, నువ్వే ముంచుకో అన్నట్టు ఉండిపోతుంది. ముసలావిడ తనే నీళ్లు ముంచుకుని తాగి, మిగిలిన నీళ్లను తాను పెంచుకున్న చిన్న మొక్కకు పోసి వెళ్లిపోతుంది. తర్వాత పిల్లలు ఆమెను వెదురు పొదల దగ్గర చనిపోయి ఉండగా చూస్తారు.

నేను చదివిన సమీక్షల్లో సర్వజయ ఇక్కడ కఠినురాలిగా కనిపిస్తుందని ఉంటుంది, లేదా పేదరికం మనిషిని కఠినంగా మారుస్తుందని ఉంటుంది. హాలులో కోడళ్లు ముసలావిడ పక్షం, అత్తలు సర్వజయ పక్షం తీసుకున్నారు. నేను దీనికి తలకిందులుగా ఊహించుకుని ఉన్నాను. పెళ్లై రెండేళ్లైన ఒక అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ “గుక్కెడు నీళ్లు కూడా ఇయ్యనేదు, అదేటి మనిషి?” అంటే, డెబ్బై ఏళ్ల ఆవిడ ఒకరు నెమ్మదిగా ఇలా చెప్పింది: “ఆవిడ సెడ్డది కాదే అమ్మా. ముసిల్దాన్ని ఉండమంటే రేపు ఏటి పెట్టాలో ఆవిడకి తెలుసు. నీకు తెల్దు, నీకింకా మీ అత్త వండి పెడతాంది.” మరో ఆవిడ దానికి ఒప్పుకోలేదు. నీళ్లకు ఖర్చేమిటని అడిగింది. అన్నం పెట్టలేకపోవడం వేరు, నీళ్లు ఇవ్వకపోవడం వేరు, ఆ తేడా సర్వజయకు కూడా తెలుసు కాబట్టే ఆమె మొహం అలా పెట్టుకుని కూర్చుందని చెప్పింది. సర్వజయగా వేసిన కరుణా బెనర్జీ నటన మీద అంత కచ్చితమైన విమర్శను నేను అచ్చులో చదవలేదు.

ఈ మాటలను నోటు పుస్తకంలో అన్న తీరుగానే రాసుకున్నాను. గిడుగు రామమూర్తి ఈ ఊళ్లోనే పాఠాలు చెబుతూ, సవర గిరిజనుల భాషను వాళ్ల నోటి నుంచే విని రాసుకుంటూ, జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని పోరాడాడు. ఆ ఊళ్లో కూర్చుని ఒక పెద్దావిడ విమర్శను పుస్తక భాషలోకి దిద్దడానికి నాకు చెయ్యి రాలేదు. దిద్దితే పోయేది మాటలోని యాస మాత్రమే కాదు, “మీ అత్త వండి పెడతాంది” అన్నదానిలో ఉన్న దెప్పు, దాని వెనక ఉన్న చనువు కూడా పోతాయి, అప్పుడు మిగిలేది పేదరికం గురించిన ఒక వాక్యం మాత్రమే.

నర్గీస్ చేసిన ఆరోపణ గురించి కూడా ఆ రోజు అడిగాను. పేదరికాన్ని చూపించి పేరు తెచ్చుకున్నాడన్న విమర్శ మీకు న్యాయంగా తోచిందా అని. చాలామందికి ప్రశ్నే అర్థం కాలేదు. ఈ ఇల్లు పేదవాళ్ల ఇల్లుగా వాళ్లకు తోచలేదు. చదువుకున్న బ్రాహ్మడి ఇల్లు, పాడుబడ్డ పెద్ద ఇల్లు, పక్కవాళ్లకు అప్పున్న ఇల్లు అన్నారు. పొరుగావిడ తనదన్న తోట ఒకప్పుడు తమదేనన్న కసి సర్వజయ ప్రతి మాటలోనూ ఉందని ఒకాయన గుర్తు చేశాడు. పేరుకు పెద్దింటివాళ్లై రోజు గడవని ఇబ్బంది వేరు, తరతరాల పేదరికం వేరు. విదేశీ సమీక్షల్లో ఈ రెండూ కలిసిపోయాయి, మన సమీక్షల్లోనూ తరచుగా కలిసిపోతున్నాయి.

మూడో ప్రదర్శన, సమీక్ష

మూడో ప్రదర్శనకు తెలుగులో ఉపశీర్షికలు తయారు చేసి, తెలుగు చదవలేని పిల్లల కోసం అవే ఒడియా లిపిలో కాగితం మీద ముద్రించి ఇచ్చాము. ఈ పద్ధతి గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. పని చేసింది, కానీ పిల్లలు చీకట్లో కాగితం చదవలేక మధ్యలోనే వదిలేశారు. వాక్యాలను బాగా కుదించాను. తార్ షెహనాయి ఘట్టంలో తెర అడుగు పూర్తిగా ఖాళీగా ఉంచాను.

ఆ తర్వాత సమీక్షను మొదటి నుంచి తిరగరాశాను. ‘కథనం నెమ్మదిస్తుంది’ అన్న వాక్యాన్ని కొట్టివేసి, దాని స్థానంలో హరిహర్ లేని రోజుల్లో సర్వజయ చేసిన పనులను వరుసగా రాశాను: ఏం అమ్మింది, ఎవరికి తెలియకుండా అమ్మింది, ఉత్తరం కోసం ఎన్నిసార్లు ఎదురుచూసింది, పిల్లలకు ఏం చెప్పింది. ఇలా రాయడానికి ఆ భాగాన్ని మళ్లీ రెండు సార్లు చూడవలసి వచ్చింది. నేను సంఘటనలు తక్కువ అన్నచోట అరపేజీ నిండింది. స్టార్లు వేయమని పత్రిక అడిగింది. వేయలేనని చెప్పి, ఇద్దరు ఆడవాళ్ల మధ్య నీళ్ల గురించి జరిగిన వాదాన్ని ఉన్నదున్నట్టు ఇచ్చాను. సంపాదకుడు కొంత సందేహించినా ఒప్పుకున్నారు, యాసను దిద్దకుండా వేశారు.

చిన్న నిర్మాతలు తమ కుటుంబ చిత్రాలను పంపి అభిప్రాయం అడిగినప్పుడు కూడా ఇప్పుడు ఇదే పద్ధతి పాటిస్తున్నాను. నిడివి ఎక్కువైందని తోచినచోట, ఆ నిమిషాల్లో పాత్ర చేతులు ఏం చేస్తున్నాయో ముందు రాసుకుంటాను. కొన్నిసార్లు నిజంగానే ఏమీ చేయడం లేదని తేలుతుంది. కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తున్న నటుడి మీద సంగీతం పోసి దాన్ని లోతు అనుకున్న చిత్రాలు కూడా ఉన్నాయి, వాటిని సాగదీత అనడానికి నాకు ఇప్పటికీ సంకోచం లేదు. రెంటినీ వేరు చేసి చూపకపోతే మంచి చిత్రం కూడా అదే గాటన కట్టబడుతుంది.

ఈ కేసులో నాకు అందని భాగం ఒకటి ఉంది. మూడు ప్రదర్శనల్లోనూ కాలేజీ కుర్రాళ్లు కొందరు విశ్రాంతి సమయంలో వెళ్లిపోయారు. వాళ్లను అలవాటు లేనివాళ్లని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పలేదు, ఎందుకంటే వాళ్లలో ఒకడి తండ్రి ఏళ్ల తరబడి సూరత్‌లోనే ఉన్నాడు, ఆ ఎదురుచూపు వాడికి తెలియనిది కాదు. తర్వాత బజారులో కనిపించినప్పుడు ఎందుకు వెళ్లిపోయావని అడిగాను. కాస్త సిగ్గుపడి, “మా అమ్మని ఇంట్లో రోజూ సూస్తన్నాను కద మాస్టారూ, మళ్లీ అక్కడెందుకు సూడాల?” అన్నాడు. సమీక్షలో వాడి మాటను కూడా ఆ ఇద్దరు ఆడవాళ్ల మాటల పక్కనే, నా వైపు నుంచి జవాబు ఏదీ చేర్చకుండా వేశాను.